కారు సంగమం దాకా వెళ్తుంది

ఏళ్ల తరబడి ఒక వాక్యం నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. "కారు సంగమం దాకా వెళ్తుంది, నడక అస్సలు లేదు." ఇంతే ఆ వాక్యం. చదివితే ఇందులో పాపమేముంది అనిపిస్తుంది. రాసింది నేను. అది నిజం కాదని తెలిశాక కూడా నిజమేనని నిలబడింది నేను. మా ఆయనకు చెప్పలేదు, నా కూతురికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒక సంగతి. నేను ఏడుపుగొట్టు మనిషిని కాను. భవానీపురంలో మా వీధిలో ఎవరినడిగినా, ఆవిడా, అమ్మో, నోరున్న మనిషండీ అంటారు. బట్టల వ్యాపారం ఇంట్లో పుట్టాను, బట్టల వ్యాపారం ఇంట్లోనే మెట్టాను. ఎదుటివాళ్లు రెండు మాటలంటే నేను నాలుగు అనగలను. తప్పు ఒప్పుకోవడం కూడా తలొంచుకుని నాకు చేతకాదు. నిలబడే చెబుతాను. మీరు కూర్చుని వినండి.

కొట్టు పని నుంచి కాస్త ఊపిరాడితే చాలు, ఎక్కడికో ఒక చోటికి బయల్దేరడం నాకు పిచ్చి. ఆ పిచ్చితోనే మన తెలుగువాళ్ల ప్రయాణాల గ్రూపు ఒకటి ఆన్‌లైన్లో పెట్టాను. మొదట్లో చుట్టాలూ స్నేహితులూ. తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్లు బోలెడుమంది చేరారు. చిన్నా పెద్దా అందరికీ నేను అక్కగారినే. ఎవరు ఏ ఊరి గురించి అడిగినా అక్కగారు జవాబిస్తారు, అక్కగారు చెబితే తిరుగులేదు. ఆ పేరు నాకు ఎంత తీపిగా ఉండేదో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అడగడం చేతకానివాళ్లంటే నాకు ఒళ్లు మంట. 'ఊటీ ప్లాన్ చెప్పండి' అని పడేస్తారు. ఎప్పుడు వెళ్తారు, ఎంతమంది, పెద్దవాళ్లున్నారా, చంటిపిల్లలున్నారా, ఏమీ చెప్పరు. జవాబు ఇచ్చాక ఒక దండమైనా ఉండదు. ఒకాయన 'కాశీ అర్జెంట్' అని రాశాడు. కాశీకి అర్జెంటుగా పోయేవాళ్లు గ్రూపులో అడగరు బాబూ, ఇంట్లోవాళ్లే చూసుకుంటారు అని జవాబిచ్చాను. గ్రూపంతా పడీ పడీ నవ్వింది. ఆ ఊపులోనే 'అడిగే పద్ధతి' అని ఒక పెద్ద పోస్టు రాసి గ్రూపు నెత్తిమీద పెట్టాను. పాత పోస్టులు వెతికి అప్పుడు అడగండి. ఎవరెవరు వెళ్తున్నారో, వాళ్ల ఒంట్లో ఎలా ఉందో చెప్పండి. మీకు కావలసిందేమిటో ఒక్క మాటలో చెప్పండి. సాయం చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పండి. వెళ్లొచ్చాక ఎలా జరిగిందో మళ్లీ వచ్చి రాయండి, వెనక వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ఆ పోస్టులో ఒక్క మాట కూడా నేను ఇవాళ వెనక్కి తీసుకోను. అన్నీ సరైనవే. జవాబు చెప్పేవాళ్లకు ఒక్క నియమం కూడా పెట్టలేదు, అదొక్కటే లోపం. పెట్టాలన్న ఊహే రాలేదు. ఎందుకు వస్తుంది, చెప్పేది నేనైతే?

సుభాషిణి అడిగిన ప్రశ్న నా నియమాలు చదివి, పక్కన పెట్టుకుని రాసినట్టుంది. పెడన అమ్మాయి. వాళ్లది నేత కుటుంబం. వాళ్లమ్మ చిన్నప్పటినుంచీ మగ్గానికి దారపు కండెలు చుట్టిన మనిషి. ఆమెకు కంటి నరం ఎండిపోతోందట. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్న చూపు కొన్నాళ్లు నిలుస్తుంది, పోయింది మాత్రం తిరిగి రాదని డాక్టరు చెప్పాడట. ఈలోపల ఏదైనా చూడాలనుందా అమ్మా అని కూతురు అడిగితే, కాశీ అనలేదు, రామేశ్వరం అనలేదు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూపించమంది. ఏటి నీళ్లదొక రంగు, సముద్రపు నీళ్లదొక రంగు, చీరకు అంచు వేసినట్టు పక్కపక్కన కనపడతాయని ఎవరో చెప్పగా ఎప్పుడో విందట. అంత దగ్గర పుట్టి పెరిగి కూడా మగ్గం వదిలి ఏనాడూ వెళ్లలేదు. ఇదంతా రాసి, చివర అడిగింది. పాత పోస్టులన్నీ వెతికానండీ, గుడి దాకా దారి ఉంది, ఆ తర్వాత సంగమం దాకా కారు వెళ్తుందా లేదా అన్నది దొరకలేదు. అమ్మ నడవలేదు. దయచేసి చూసినవాళ్లు మాత్రమే చెప్పండి.

చూసినవాళ్లు మాత్రమే. ఆ మాట ఉంది అందులో. నేను చదివాను.

నేను చూడలేదు. పదో క్లాసు సెలవుల్లో మా నాన్న కొట్టు వాళ్లందరితో వ్యానులో వెళ్లి గుడిలో దణ్ణం పెట్టుకుని, పులిహోర తిని, అటునుంచి అటే వెనక్కి వచ్చేశాం. అంతే నాకు తెలిసిన హంసలదీవి. అయితే చల్లపల్లిలో మా పిన్ని కొడుకు ఒకసారి ఫోటో పంపాడు. ఇసుక, వెనక నీళ్లు, ముందు వాడి కారు. కింద 'సంగమం' అని రాశాడు. నాకు అది చాలదూ! జవాబు రాసేశాను. కారు సంగమం దాకా వెళ్తుంది, నడక అస్సలు లేదు, సాయంత్రం పొద్దువాలే వేళకి వెళ్లండి, రంగులు ఇంకా బాగుంటాయి. ఆ చివరి ముక్క ఫోటోలో కూడా లేదు. చేతికి వచ్చింది, రాశాను.

ఎందుకు రాశావు అని నన్ను నేను అడుక్కోని రోజు లేదు. పొగడ్త కోసమా? కొంత. కానీ అదొక్కటే కాదు. మా నాన్న కొట్టులో 'లేదు' అన్న మాట నిషిద్ధం. మా వ్యాపారంలో అందరికీ అలవాటే. బియ్యం అయిపోతే ఇంట్లో నిండుకున్నాయి అంటాం చూడండి, కొట్టులోనూ అంతే. వంగపండు రంగు చీర అడిగితే, ఉన్నా లేకపోయినా ఉందండీ కూర్చోండి అనాలి. అని, ముదురు నీలం తీసి ముందు పరవాలి. చిన్నప్పుడు ఒకావిడకు నేను 'లేదండీ' అని చెప్పినందుకు మా నాన్న అందరి ముందూ నా చెవి మెలేశాడు. లక్ష్మీదేవి వెనక్కి తిరిగి వెళ్లిపోతుందన్నాడు. ఆ రోజు నుంచి లేదు, తెలియదు అన్న రెండు మాటలూ నా నోటికి రావు. ఎవరేమడిగినా ముందు ఉందండీ, తెలుసండీ అని వచ్చేస్తుంది. చీర సంగతి వేరు. విప్పి చూస్తారు, నచ్చకపోతే వద్దని లేచిపోతారు. దారిని అలా విప్పి చూడలేరు కదా. అక్కడికి వెళ్లాక గానీ తెలియదు. ఈ తేడా నాకు అప్పుడు తట్టలేదంటే మీరు నమ్మాలి. ఇక్కడి దాకా నాది తప్పే గానీ, అలవాటులో జరిగిన తప్పు. దీనికైతే ఇన్నేళ్లు మోసేదాన్ని కాదు.

తర్వాత జరిగింది వేరు.

సుభాషిణి నా నియమం ప్రకారమే వెళ్లొచ్చి మళ్లీ రాసింది. కోపంగా కాదు. పొందిగ్గా, నా జవాబు కిందనే. బాడుగ కారులో సాయంత్రానికి వెళ్లారట. రోడ్డు బీచ్ దగ్గరే ఆగిపోయిందట. సంగమం ఇంకా చాలా ముందుకు, ఇసుకలో పోవాలి, ఈ వేళప్పుడు పోనివ్వం, పోటు వస్తుంది అని అక్కడ కాపలా ఉన్న మనిషి చెప్పాడట. అయినా తల్లిని నడుముకు చెయ్యి వేసి పట్టుకుని కొంత దూరం నడిపించింది. ఇసుకలో కాళ్లు దిగబడి ఆమె ఇంక అడుగు వేయలేకపోయింది. అక్కడే నిలబడి నీళ్లవైపు చూసింది. చాలాసేపు చూసి, రెండు రంగులు కనపడటం లేదే, నా కళ్లు అంతగా పోయినాయా అని ఏడ్చిందట. ఇది ఆ చోటు కాదమ్మా, అది ఇంకా ముందుంది అని కూతురు ఎంత చెప్పినా వినలేదట. కారు దాని దాకా వెళ్తుందని అక్కగారు రాశారుగా, నువ్వే చదివి వినిపించావుగా, నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నావు అందట. వెనక వెళ్లేవాళ్లు దయచేసి పగటిపూట వెళ్లండి, అని సుభాషిణి చివర రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు.

చదవగానే నాకు జాలి కలిగిందా? కలగలేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. మొదట వచ్చింది భయం, ఇది నలుగురూ చూస్తే నా పేరేం కాను అని. అప్పటికి ఎవరూ దాని కింద ఏమీ రాయలేదు. వెంటనే తీసేశాను. గ్రూపు పెట్టినదాన్ని నేను, తీసే హక్కు నాది. అదీ నా ధీమా.

మర్నాడు ఫోను చేసింది. గ్రూపు ప్రయాణాల కోసమని నా నంబరు అందరికీ కనపడేట్టు పెట్టి ఉంచాను. అప్పుడు నేను కొట్టులో గల్లా దగ్గర కూర్చుని ఉన్నాను. ఆ మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"అక్కగారండీ, నేను సుభాషిణినండీ, పెడన నుంచి. పోస్టు తీసేశారు, దాని గురించి కాదండీ. అది ఉంటే ఎంత, పోతే ఎంత. మీరొక్క మాట చెప్పాలండీ."

"చెప్పమ్మా."

"అది సంగమం కాదు, ఇంకా ముందుకెళ్లాలి, అక్కడ్నుంచి ఎవరికీ కనపడదు అని. అంతేనండీ. మా అమ్మ నేను చెప్తే నమ్మట్లా. చుక్కలు వేయబోతే మొహం తిప్పేసుకుంటంది. పోయిన కళ్లకి మందెందుకే అంటంది. మీరు చెప్తే నమ్ముద్దండీ."

ఇక్కడ ఆగాలి నేను. ఆ అమ్మాయి అడిగింది ఎంత చిన్నదో చూడండి. తప్పు ఒప్పుకోమనలేదు, గ్రూపులో క్షమాపణ చెప్పమనలేదు. తల్లికి ఒక్క నిజం చెప్పమంది. నేను నోరు తెరిచి 'నాకు తెలియకుండా రాశానమ్మా' అంటే అయిపోయేది. ఎదురుగా ఇద్దరు కొనుగోలుదార్లు కూర్చుని ఉన్నారు. మా ఆయన బట్టల థానులు సర్దుతున్నారు. నా నోట్లోంచి ఏం వచ్చిందో వినండి.

"నేను చాలాసార్లు వెళ్లానమ్మా. కారు అక్కడి దాకా వెళ్తుంది. మీరే సరిగా చూసుకుని ఉండరు."

"మీరు చూశారాండీ? మీ కళ్లతో?"

"చూశాను. రెండు రంగులూ చక్కగా కనపడతాయి."

అటువైపు, కొంచెం దూరం నుంచి, ఇంకో గొంతు వినిపించింది. పెద్దావిడ గొంతు. అందులో కోపం లేదు, ఏడుపు లేదు.

"చూశావా, నేను చెప్పలా. ఆవిడకి కనపడినయ్యంట."

ఫోను స్పీకర్లో పెట్టి ఉందని నాకు అప్పుడు తెలిసింది. సుభాషిణి మళ్లీ మాట్లాడింది. సరేనండీ, ఉంటానండీ, థాంక్సండీ అంది. థాంక్స్ చెప్పాలని నియమం రాసింది నేనే కదా.

ఫోను పెట్టేసి ఎదురుగా ఉన్నవాళ్లకు చీరలు చూపించాను. ఒక్క ధర కూడా తప్పు చెప్పలేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఆ సాయంత్రం ఆ అమ్మాయి నంబరు బ్లాక్ చేశాను, మళ్లీ చేస్తుందేమోనని. గ్రూపులోంచి కూడా తీసేశాను. ఎవరినైనా తీసేస్తే కారణం అక్కడ రాయాలి. 'నియమాల ఉల్లంఘన' అని రాశాను. ఒక్క నియమం తప్పని మనిషి మీద!

నా జవాబు మాత్రం అలాగే ఉండిపోయింది. సంగమ స్నానాలకు మాఘ పౌర్ణమి దగ్గర పడిందంటే ఎవరో ఒకరు దాన్ని పైకి తీసేవారు. అక్కగారు ఎప్పుడో చెప్పారు చూడండి అని పంచుకునేవారు. మధ్యలో ఒకతను, అక్కగారూ, రోడ్డు బీచ్ దగ్గరే ఆగిపోయిందండీ అని రాశాడు. మొన్నటి తుఫానుకు కొట్టుకుపోయి ఉంటుంది అని జవాబిచ్చాను. లేని రోడ్డును తుఫాను నెత్తిన పెట్టాను. తుఫాను వచ్చి కాదనదు కదా. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని ఊతలు పెట్టాలో అప్పుడే తెలిసింది. అయినా జవాబు దిద్దలేదు. దిద్దితే సుభాషిణి రాసింది నిజమని ఒప్పుకున్నట్టే. ఆమెను ఎందుకు తీసేశావని ఎవరూ అడగకపోయినా, నాకు నేను చెప్పుకోవాలి.

ఆ పెద్దావిడ తర్వాత మందు వేయించుకుందా? ఇదొక్కటే ప్రశ్న, మీరు ఎటు తిప్పి అడిగినా ఇదే. మా అత్తగారికి కంట్లో చుక్కలు వేసినప్పుడల్లా అడుక్కున్నాను. కొట్టులో ఎవరైనా పెద్దావిడ చీర అంచును కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే అడుక్కున్నాను. నా ఒక్క మాట వల్లే ఆమె మందు మానేసిందని అనుకోవడం కూడా ఒక రకం గొప్పేనేమో, కూతురు బతిమాలి వేసే ఉంటుందిలే అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలిచేది కాదు.

ఈమధ్య చల్లపల్లిలో మావాళ్ల పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యాక మా ఆయన, ఇంత దూరం వచ్చాం కదా, నీ సంగమానికి పోదాం పద, నువ్వే దారి చూపించు అన్నారు. వద్దనడానికి సాకు దొరకలేదు. గుడి దాటాం. అక్కడి నుంచి ఒకటే రోడ్డు, తప్పిపోవడానికి ఇంకో దారి లేదు. బీచ్ దగ్గర అదీ అయిపోయింది. సంగమం ఎక్కడని మా ఆయన ఎవరినో అడిగితే, అతను చెయ్యి చాపి దూరంగా చూపించాడు. అటు చూస్తే ఇసుక తప్ప ఏమీ లేదు. నువ్వేగా కారు వెళ్తుందని రాశావు అని మా ఆయన నవ్వారు. చెప్పులు విడిచి నేను ఇసుకలోకి నడిచాను. కాళ్లు దిగబడుతున్నాయి. కొంత దూరం పోయి, ఒక ముసలి మనిషి ఇంక నడవలేనని ఆగిపోయేది ఇక్కడే అయి ఉంటుంది అనిపించిన చోట ఆగాను. పొద్దు వాలుతోంది. నీళ్లవైపు చూశాను. చాలాసేపు, ఎగిరే పిట్టలు కూడా కనపడనంత చీకటి పడేదాకా చూశాను. మా ఆయన పిలుస్తున్నా కదల్లేదు.

ఇంటికి వచ్చాక ఆ నంబరు మీద బ్లాక్ తీసి ఫోను చేశాను. అది ఇప్పుడు ఇంకెవరిదో. పెడన నుంచి మాకు సరుకు పంపే ఆయన్ని ఆనవాళ్లు చెప్పి కనుక్కోమన్నాను. ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారటండీ, తల్లి సంగతి తెలియదండీ అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో, 'తెలియదండీ' అని. నాకు ఆ మనిషి మీద అసూయ పుట్టింది.

ఇవాళ పొద్దున గ్రూపు తెరిచాను. నెత్తిమీద ఉన్న 'అడిగే పద్ధతి'ని ఒక మెట్టు కిందికి దించి, దాని పైన నా పేరుతో రాశాను. సంగమం దాకా కారు వెళ్లదు. నేను చూడకుండా చెప్పాను. సుభాషిణి గారు వెళ్లొచ్చి నిజం రాస్తే తీసేశాను, ఆమెను గ్రూపులోంచి పంపేశాను. ఆమె ఏ నియమమూ తప్పలేదు. సంగమం దగ్గర రెండు రంగులు కనపడతాయో లేదో నాకు తెలియదు. రాసి, ఆ చివరి మాట వైపు కాసేపు చూస్తూ కూర్చున్నాను. మా నాన్న ఉంటే చెవి మెలేసేవాడు.

ఐదు నిమిషాలు కాలేదు, కింద దండాలూ గుండె బొమ్మలూ మొదలు. అక్కగారి నిజాయితీకి జోహార్లు అట. మీలాంటివాళ్లు అరుదు అట. ఒళ్లు మండింది. ఎవరూ ఏమీ రాయడానికి వీల్లేకుండా మూసేశాను. క్షమించడానికి వాళ్లెవరు? వాళ్లకు నేనేం చేశానని? క్షమించగలిగిన ఇద్దరినీ నేనే బయటికి పంపి తలుపేశాను. వాళ్లు క్షమించాలని కూడా నేను అడగను. అడిగే పద్ధతి గురించి అంత పెద్ద పోస్టు రాసినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు.

గొంతులో అడ్డం పడిన వాక్యం మాత్రం బయటికి వచ్చింది. ఇప్పుడు గాలి ఆడుతోంది. దాని బదులు ఆ రోజు ఫోనులో చెప్పవలసిన మాట ఒకటుంది. స్పీకర్ పెట్టే ఉంది, ఆమె వింటూనే ఉంది, చెప్పడమే మిగిలింది. గ్రూపులో ఆ పోస్టు చివరన ఇప్పుడు అదే చేర్చాను, ఎవరైనా చదివి వినిపిస్తారేమోనని.

అమ్మా, ఆ సాయంత్రం మీరు నిలబడ్డ చోట నేనూ నిలబడ్డాను. నా కళ్లు బాగానే ఉన్నాయి. నాకూ కనపడలేదు.